శివారు గది

గుడివాడలో శ్యాంబాబు గారని ఒకాయన మాసపత్రిక నడుపుతారు. నేను పంపిన కథ చదివి ఫోన్ చేసి, "బాగుందండీ కృపావతి గారూ, కానీ సైన్స్ ఫిక్షన్ అన్నారు, ఇందులో మనుషులు ఎక్కువైపోయారు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "మరి ఎవరుండాలండీ, గేదెలా?" అన్నాను. ఆయన నవ్వేసి, రాకెట్టు గురించి ఇంకో రెండు పేజీలు పెంచి, ఆ పోట్లాటలూ ఏడుపులూ తగ్గించి పంపమన్నారు. నేను పంపలేదు. ఇరవై రెండేళ్ళు ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. రాకెట్టు ఎలా ఎగురుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అందులో కూర్చున్న మనిషికి దాహం వేస్తే పక్కవాడు ఏం చేస్తాడన్నదే నాకు కావాలి.

దాహం అన్న మాట ఊరికే రాలేదు. రెండేళ్ళ నుంచి నా కిడ్నీలు పనిచెయ్యడం లేదు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే బందరులో డయాలసిస్‌కి వెళ్తాను. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి, నాలుగు గంటలపాటు ఒంట్లో రక్తాన్ని మిషన్‌లోకి పంపి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు కాబట్టి మాకు రోజుకి రెండు గ్లాసులే. మజ్జిగైనా, టీ అయినా, మాత్ర మింగడానికైనా ఆ రెండింట్లోంచే తీసుకోవాలి. మా ఆయన సాల్మన్ రాజు గిలకలదిండిలో ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే చల్లగా తడిసిన ఆ చొక్కా ముట్టుకుని నేను ఎన్నిసార్లు ఏడ్చానో ఆయనకే తెలుసు.

మా వార్డులో మూడు మంచాలు. మొదటిది నాది, రెండోది నాగాయలంక నుంచి వచ్చే బాలస్వామిది. మూడోది ఎలీసబెతు గారిది. ఆవిడ ఒక శుక్రవారం ఇంటికెళ్తూ, "ఇంక రానమ్మా, ఓపిక లేదు" అన్నారు. పెద్దావిడ, ఆవిడ ఇష్టం ఆవిడదిలే అని నేను మర్యాదగా తల ఊపాను. తొమ్మిదో రోజున సమాధి దగ్గర నిలబడి పాట పాడాను. ఆ తల ఊపడం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ మంచం మీదికి రత్తయ్య గారు వచ్చారు. మొవ్వ దగ్గర పల్లె, అరవై ఎనిమిదేళ్ళు, ఐదెకరాల వరి. భార్య జానకి గారు సంచీ మోసుకుని వెంట వచ్చేవారు. లోపలికి రానివ్వరు కాబట్టి గుమ్మం పక్కన బెంచీ మీద నాలుగు గంటలూ నోరు మెదపకుండా కూర్చునేవారు. లోపలికి వచ్చేముందు మమ్మల్ని అందర్నీ తూకం వేస్తారు. దొంగతనంగా తాగిన ప్రతి గ్లాసూ ఆ కాటా మీద బయటపడుతుంది. రత్తయ్య గారు ఎక్కిన ప్రతిసారీ సుప్రియ సిస్టర్ నెత్తి పట్టుకునేది.

"నాలుగు కేజీలు పెరిగారు బాబాయ్ గారూ! రెండు రోజుల్లో చెరువు తాగేశారా?"

"చెరువు కాదమ్మా, కాలవ" అన్నారాయన. "నీళ్ళల్లో నిలబడి బతికినోణ్ణి. రెండు గ్లాసులంటే నా వల్ల కాదు. కోతలయ్యేదాకా వస్తా. ఆ తర్వాత మానేస్తా. కడుపు నిండా చల్లటి నీళ్ళు తాగి, మంచం వాల్చుకుని పడుకుంటా. అయిపోద్ది."

బజారుకి వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా అన్నారు. బెంచీ మీద జానకి గారు సంచీ జిప్పు తీశారు, మళ్ళీ వేశారు.

ఈసారి మర్యాద పాటించేది లేదని నేను అప్పుడే అనుకున్నాను. ఈ మనిషిని మానెయ్యనివ్వను, అంతే. కానీ అంత పెద్దాయనకి నీతులు చెబితే వింటారా? బతిమాలితే ఇంకా బిగుసుకుంటారు. నా సంచీలో శ్యాంబాబు గారు వద్దన్న కథ ఉంది. తీసి, బాలస్వామికి వినిపిస్తున్నట్టుగా మూడో మంచం దాకా వినపడేలా చదివాను.

నాలుగు వందల మంది ఒక పెద్ద ఓడలో ఇంకో నక్షత్రానికి బయల్దేరారు. చేరడానికి నూట ఎనభై ఏళ్ళు పడుతుంది. ఎక్కినవాళ్ళెవరూ చేరరు, వాళ్ళ మునిమనవలు చేరతారు. దారిలో వాన పడదు. ఓడలో ఉన్న నీళ్ళే నీళ్ళు, వాడినవాటినే శుభ్రం చేసి మళ్ళీ వాడుకోవాలి. మనిషికి రోజుకి రెండు గ్లాసులు.

"అక్కా, ఇది మన వార్డే కదా" అన్నాడు బాలస్వామి.

"నోరు మూసుకుని విను."

"ఆగమ్మా" అన్నారు మూడో మంచం మీంచి రత్తయ్య గారు. "ఆ నీళ్ళు ఎట్నుంచి వస్తాయి?"

"ఓడ ముందు భాగంలో ట్యాంకు ఉందండీ. అక్కణ్ణుంచి గొట్టంలో గదిగదికీ వెళ్తాయి."

"చివరి గదిలో ఎవరున్నారు?"

నేను కాగితాలు తిరగేశాను. కెప్టెన్ ఉన్నాడు, ఇంజనీర్లున్నారు, పెళ్ళి చేసుకోబోయే జంట ఉంది. చివరి గది అంటూ నేను రాయలేదు. "ఎవరూ లేరండీ" అన్నాను.

"లేకపోవడమేంటి! కాలవన్నాక శివారు ఉండదా? మొదట్లో ఉన్నోడు తూము కొంచెం పైకి లేపుకుంటాడు. నడిమోడు ఇంకొంచెం లేపుకుంటాడు. చివరోడి పొలానికి తడి కూడా రాదు. మనిషికి రెండు గ్లాసులని కాగితం మీద రాస్తే సరిపోయిందా? నలభై ఏళ్ళు కాలవ చివర చేశాను టీచరమ్మా సేద్యం. వంతు పెట్టాలి, ఆ వంతు శివారు నుంచి మొదలుపెట్టాలి. లేకపోతే నీ ఓడలో ఆర్నెల్లకే తలకాయలు పగుల్తాయి."

నాకు సిగ్గేసింది. నీటి పీడనం లెక్కలన్నీ సరిగ్గా కట్టాను. గొట్టం చివర ఒక మనిషి గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటాడని తట్టలేదు. "అయితే చివరి గదిలో ఎవర్ని పెడదామంటారు?" అని అడిగాను.

ఆయన సూది లేని చేత్తో గడ్డం గోక్కున్నారు. "ముసలావిణ్ణి పెట్టు. పేరమ్మ. ఎవరూ లేని మనిషి. నోరు మాత్రం పెద్దది."

అలా పేరమ్మ పుట్టింది. శుక్రవారానికి ఆవిడ మీద నాలుగు పేజీలు రాసుకుని వెళ్ళాను. నీళ్ళొచ్చే వేళకి పేరమ్మ గొట్టాన్ని చెంచాతో కొట్టి, ఆ చప్పుడుని బట్టి ఎన్ని నీళ్ళొస్తున్నాయో చెప్పేస్తుంది. ముందు గదిలో ఉన్న ఇంజనీరు ఆవిడ వంతులోంచి అరగ్లాసు కాజేస్తున్నాడు. ఆవిడ కనిపెట్టింది. అతని భార్య జ్వరంతో ఉందని తెలిసి క్షమించి, ఇంకో అరగ్లాసు కూడా ఇచ్చేసిందని నేను రాశాను. రత్తయ్య గారు ఒప్పుకోలేదు.

"ముందు తిడుతుంది" అన్నారు. "ఏడు తరాలూ ఎత్తి తిడుతుంది. తిట్టాక ఇస్తుంది. తిట్టకుండా ఇస్తే అది మనిషి కాదమ్మా, దేవత. దేవతలకి నీళ్ళెందుకు?"

చచ్చినట్టు మార్చాను. కథ బాగుపడింది.

కోతలయ్యాయి. రత్తయ్య గారు మానలేదు. మినుము తీసేదాకా వస్తానన్నారు. మినుమూ తీశారు. కాటా మీద నాలుగు కేజీలు మూడైంది, మూడు రెండున్నరైంది. ఏం చేస్తున్నారు బాబాయ్ గారూ అని సుప్రియ అడిగితే, "పేరమ్మ రెండు గ్లాసుల్తో నెట్టుకొస్తంటే నాకేం రోగం?" అన్నారు. బాలస్వామి అయితే పేరమ్మకి కోడికూర పెట్టమని నా ప్రాణం తీసేవాడు. ఓడలో కోళ్ళెక్కడివిరా అంటే, అంత పెద్ద ఓడలో నాలుగు కోళ్ళు ఎక్కించలేకపోయావా అక్కా అని నన్నే నిలదీసేవాడు.

నా తెలివితక్కువ పని అక్కడే మొదలైంది. గెలిచేశాననుకున్నాను. చైత్రమాసపు ఎండలు ముదురుతున్నాయి, ఆయన మళ్ళీ డీలాపడుతున్నారు, ఒక దెబ్బతో తేల్చేద్దామనుకున్నాను. ఒక శుక్రవారం కొత్త భాగం తీసుకెళ్ళాను. అందులో పేరమ్మ విసిగిపోయి, దాచుకున్న నీళ్ళన్నీ ఒక్కసారే తాగి చచ్చిపోదామనుకుంటుంది. ఓడలో అందరూ వచ్చి కాళ్ళ మీద పడతారు. ప్రాణం ఎంత విలువైనదో కెప్టెన్ ఒక పేజీన్నర చెప్తాడు. పేరమ్మ బోరున ఏడ్చి, బుద్ధొచ్చిందంటుంది. ఇదంతా నేను రత్తయ్య గారి మొహంలోకి చూస్తూ చదివాను.

చదవడం అయిపోయింది. బాలస్వామి అటు తిరిగి పడుకున్నాడు.

"నా మీద రాశావా?" అన్నారు రత్తయ్య గారు.

నేను కాగితాలు మడిచి సంచీలో పెట్టేశాను.

"పంతులమ్మవి కదా, పాఠం చెప్పావు" అన్నారు. గొంతులో కోపం కూడా లేదు. సూదులు తీశాక చేతికి కట్టు కట్టించుకుని, "నా పేరు కొట్టేయమ్మా" అని సుప్రియకి చెప్పి వెళ్ళిపోయారు. జానకి గారు సంచీ తీసుకుని వెనకాలే వెళ్ళారు.

సోమవారం మూడో మంచం ఖాళీ. బుధవారమూ ఖాళీయే. సుప్రియ దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేస్తే జానకి గారు ఎత్తారు. "అరుగు మీద కూర్చుని తాగుతున్నారమ్మా. చెంబు నింపి పక్కన పెట్టమంటున్నారు. పెట్టకపోతే తనే లేచి వెళ్తున్నారు. ఆయాసం ఎక్కువైంది" అన్నారు.

గురువారం పొద్దున్నే చీర కట్టుకుంటుంటే సాల్మన్ రాజు అడ్డం నిలబడ్డారు. "నీకే కాళ్ళు వాచి ఉన్నాయి. ఈ ఎండలో మొవ్వ దాకా బస్సులో వెళ్తావా? పాస్టరు గారికి చెప్పి ప్రార్థన చేయిద్దాం."

"మీరు ప్రార్థన చెయ్యండి, నేను బస్సెక్కుతాను" అన్నాను. "ఎలీసబెతు గారప్పుడు ప్రార్థన చేసి ఇంట్లోనే కూర్చున్నాను. ఈ మనిషి మానేసేలా చేసింది నేను. నేనే వెళ్ళాలి."

బస్సు దిగి ఊళ్ళోకి నడిచేసరికి నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. రత్తయ్య గారు అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మొహం ఉబ్బిపోయింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నారు. అయినా నన్ను చూడగానే పక్కనున్న ఇత్తడి చెంబు నా వైపు జరిపారు.

"ఎండన పడొచ్చావు. ముందు మంచినీళ్ళు తాగు."

చెంబు అందుకున్నాను. కుండలో నీళ్ళు, చల్లగా ఉన్నాయి. "ఈ రోజుకి నాకు ఒక గ్లాసే మిగిలింది బాబాయ్ గారూ" అన్నాను. "ఇప్పుడు ఇది తాగితే రేపు పొద్దున్న దాకా తడి లేదు. తాగమంటారా?"

ఆయన మొహం పాలిపోయింది. "మర్చిపోయానమ్మా. గడప తొక్కినోళ్ళకి నీళ్ళివ్వడం అలవాటు" అని చెంబు వెనక్కి తీసుకున్నారు.

"మీరు కడుపు నిండా తాగారు కదా, ఎలా ఉంది?"

"మొదటి చెంబు అమృతమే. రెండోది నీళ్ళు." కాసేపు ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఆ తర్వాత రుచి తెలీలా."

"నేను తప్పు రాశాను" అన్నాను. "మీరు మానేస్తారన్న భయంతో పేరమ్మని అడ్డం పెట్టుకుని మిమ్మల్ని తిట్టాను. ఆ పేజీలు చింపేశాను."

"పేరమ్మ ఎవరో కాళ్ళ మీద పడితే మారే మనిషా?" ఆయాసపడుతూనే ఆయన గొంతు లేచింది. "ఆవిడ కాలవ చివర బతికిన మనిషమ్మా! ఒక ఏడు మాకు నీళ్ళు రాలా. నారు ఎండిపోతంది. మా ఊరంతా వెళ్ళి లాకుల దగ్గర కూర్చున్నాం. మూడు రోజులు. లాకులు చూసే లస్కరు తలుపులెత్తేదాకా ఒక్కడూ కదల్లా. పేరమ్మయితే అట్టా కూర్చుంటుంది. ఏడవదు."

"మరి మీరు ఇక్కడ ఎందుకు కూర్చున్నారు?" అని అడిగేశాను. నాకూ కోపం వచ్చింది. "మూడు రోజులు లాకుల దగ్గర కూర్చున్న మనిషి ఇక్కడ చెంబు పెట్టుకుని చావు కోసం కూర్చుంటాడా?"

ఆయన ఇంటి లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"ఈ ఇంట్లో శివారు నేను కాదు టీచరమ్మా. ఆవిడ. చీకటితో లేచి గేదె పని చూసుకుని, నాకు ఉప్పు లేని కూర ఒండి, మోకాళ్ళ నొప్పుల్తో ఆ సంచీ మోసుకుంటా బస్సెక్కుద్ది. వారానికి మూడు రోజులు బెంచీ మీద పడుంటది. ఉన్న ఓపికంతా ముందు నేనే లాగేస్తన్నా. ఆవిడకి ఏమీ మిగలట్లా. నేను తూము మూసేస్తే ఆవిడకి కొంచెమన్నా చేరుద్ది. దాహం నాకొక లెక్కా?"

అప్పటిదాకా ఆయన నీళ్ళ కోసమే మానేశారని అనుకున్నాను. బహుశా జానకి గారూ అలాగే అనుకుని ఉంటారు. గుమ్మంలో నిలబడి ఉన్నారావిడ. ఎప్పుడొచ్చారో మేమిద్దరం చూసుకోలేదు.

"నన్నడిగారా?" అన్నారు జానకి గారు.

ఆరు నెలల్లో ఆవిడ గొంతు పెంచి మాట్లాడటం నేను వినడం అదే మొదలు. రత్తయ్య గారు తల దించుకున్నారు.

"నాకు ఏం చేరుద్దో మీరే లెక్క కట్టేశారా? నలభై మూడేళ్ళు కాపరం చేశాం. ఎరువు, పురుగుమందు, గేదె ఈనిందా లేదా. ఇవి తప్ప మీరు నాతో ఏం మాట్లాడారు? ఈ ఆర్నెల్లూ బస్సెక్కిన కాడ్నించి బందరు చేరేదాకా పేరమ్మ గురించి పోట్లాడుకున్నాం. ఇంజనీరు పెళ్ళాం బతకాలని నేను, బతకదని మీరు. పక్క సీట్లో వాళ్ళు ఆవిణ్ణి మన చుట్టమనుకుని పరామర్శించారు, గుర్తుందా? గుమ్మం పక్కన ఊరికే కూర్చుంటున్నా అనుకున్నారా? ఒక్క ముక్క వదలకుండా వింటన్నా. మోకాళ్ళు నావి, వాటి సంగతి నేను చూసుకుంటా. నాకేదో మిగులుద్దని తూము మూసేస్తారా? నాకొచ్చే నీళ్ళే ఆ బస్సండీ. అవి కూడా ఆపేస్తారా?"

అని వచ్చి, చెంబులో నీళ్ళు పక్కనున్న మందారం మొదట్లో పారబోశారు. రత్తయ్య గారు ఏదో అనబోయారు. దగ్గు వచ్చింది, ఆగలేదు. పెదవులు నల్లబడ్డాయి. ఇద్దరం చెరో భుజం పట్టుకున్నాం. నేను సుప్రియకి ఫోన్ చేశాను. ఆవిడ మమ్మల్ని ముగ్గుర్నీ కలిపి తిట్టి, మిషన్ సిద్ధం చేస్తాను, క్షణం ఆలస్యం చెయ్యొద్దంది. పక్కింటివాళ్ళు ఆటో తెచ్చారు. బందరు చేరేదాకా జానకి గారు ఆయన్ని ఒంటి మీద ఆనించుకుని, "కూర్చోండి, వాలకండి, ఊపిరి తీసుకోండి" అని అంటూనే ఉన్నారు. ఆయన ఒక్కసారి కూడా కళ్ళు మూసుకోలేదు.

ఆ మధ్యాహ్నం డాక్టరు గారు గంటసేపు మంచం దగ్గర్నుంచి కదల్లేదు. జానకి గారిని బయట కూర్చోమని సుప్రియ అనలేదు. తనే స్టూలు తెచ్చి మంచం పక్కన వేసింది. మూడో గంటకి ఆయన పెదవుల్లోకి రంగు వచ్చింది. ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకి జరుపుకుని నా వైపు చూశారు.

"పేరమ్మ ఇప్పుడేం చేస్తది?"

"నాకు తెలీదండీ" అన్నాను. నిజంగానే తెలీదు. "పిన్ని గారిని అడగండి."

ఆయన భార్య వైపు తిరిగారు. జానకి గారు స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. మొహంలో అలసట ఉంది, నిద్ర లేదు, కానీ భయం లేదు.

"నాకు తెలుసు" అన్నారు.

"చెప్పు మరి."

"ఇప్పుడు చెప్పను. రేపు శుక్రవారం కదా, రేపు చెప్తా."

రత్తయ్య గారు మాస్కు పూర్తిగా కిందికి లాగారు. గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.

"రేపు ఏ బస్సుకి వద్దాం?" అన్నారు.